మా రోజుల్లో ఫిజిక్స్‌కు సార్లు ఉండేవాళ్లు

ఫిజిక్స్ చెప్పడం ఒకప్పుడు మనిషి జీవితమంతా చేసే పని. ఇప్పుడది గంటకింత అని లెక్కగట్టి ఇచ్చే కూలి అయింది. నేను వరంగల్, హన్మకొండల్లో డిగ్రీ పిల్లలకూ పీజీ పిల్లలకూ ఫిజిక్స్ చెప్పాను. నక్షత్రాల కడుపులో జరిగే కేంద్రక చర్యల మీద పరిశోధన చేశాను. రిటైరయ్యాక పుట్టిన ఊరు పాలంపేటకే వచ్చి ఉంటున్నాను. రామప్ప చెరువు కట్ట మీద పొద్దున నడుస్తుంటే ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఎదురవుతారు. "ఫిజిక్స్ ఎవరు చెప్తున్నరు బిడ్డా?" అని అడుగుతాను. "రెగ్యులర్ సార్ లేడు తాతా, వీడియోలు చూసుకోమన్నరు" అంటాడొకడు. "మెటీరియల్ ఇచ్చిన్రు, బిట్లు చేసుకుంటున్నం" అంటుంది ఇంకో పిల్ల. ల్యాబు సంగతి అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ పిల్లల తప్పేమీ లేదు. వాళ్లకు దక్కాల్సింది దక్కకుండా చేసిన పెద్దల మీదే నా కోపమంతా.

మా బాపు బడికి పోలేదు. కానీ కార్తెలన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. రోహిణిలో రోళ్లు పగులుతాయి, మిరుగంలో దుక్కులు తడవాలి, ఆరుద్ర దాటితే అదును పోతుంది అని లెక్కచెప్పేవాడు. చలికాలం రాత్రి పొలం కావలికి నన్ను వెంటబెట్టుకుపోయి తూర్పున పొడిచే పిల్లలకోడిని చూపించి, దాని కింద ఎర్రగా ఉన్నదే రోహిణి అని చెప్పింది ఆయనే. ఇంకో గంటన్నరకు పొడిచే మరో ఎర్రచుక్క ఆరుద్ర. నేను నేర్చుకున్న ఖగోళశాస్త్రంలో మొదటి పాఠం అదే. ఆ రెండు చుక్కల లోపల ఏం కాలుతున్నదో తెలుసుకోవడమే తర్వాత నా వృత్తి అయింది.

క్లాసులో ప్రతి ఏడూ ఒక ప్రశ్న వేసేవాణ్ణి. రోహిణి కార్తె మే నెలాఖరున వస్తుంది కదా, ఆ కార్తెలో రాత్రిపూట రోహిణి నక్షత్రాన్ని ఎవరైనా చూపించగలరా? మొదట్లో పరకాల, నర్సంపేట, ములుగు ఊళ్ల నుంచి వచ్చిన రైతుల పిల్లలు తలలు వంచుకుని ఆలోచించేవాళ్లు. వాళ్లలో ఒకడు లేచి, "కనబడది సార్, సూర్యుడు ఆ చుక్క దగ్గర్నే ఉంటడు, పొద్దుతోనే పొడిచి పొద్దుతోనే గూకుతది" అనేవాడు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉన్నాడో చెప్పే లెక్క అని తనంతట తాను కనుక్కునేవాడు. సర్వీసు చివరి ఏళ్లలో అదే ప్రశ్న వేస్తే ఒక కుర్రాడు బెంచీ కింద ఫోను తీసి వెతికి, రోహిణి నక్షత్రంలో పుట్టినవాళ్ల గుణగణాలు చదివి వినిపించాడు. చురుకైన పిల్లవాడే. ఆకాశం వైపు తలెత్తి ఆలోచించమని అప్పటిదాకా అతనికి ఎవరూ చెప్పలేదు.

మా రోజుల్లో చెప్పేవాళ్లు ఉన్నారు. నేను హన్మకొండలో బీఎస్సీ ముగించుకుని కాజీపేటలో రైలెక్కి వాల్తేరు పోయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివాను. అప్పటికి స్వామి జ్ఞానానంద పోయి కొద్ది ఏళ్లే అయింది. ఈ పేరు ఈనాటి ఫిజిక్స్ విద్యార్థులకు తెలియకపోవడం నాకు పెద్ద బాధ. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లు విడిచి, సన్యాసం పుచ్చుకుని, హిమాలయాల్లో యోగసాధన చేసినవాడు. ఉపన్యాసాలిచ్చేందుకు యూరప్ పోయి, అక్కడ ఆధునిక భౌతికశాస్త్రం చూసి, మళ్లీ విద్యార్థిగా కూర్చున్నాడు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద పనిచేసి డాక్టరేటు తీసుకున్నాడు. న్యూట్రాన్‌ను కనుక్కున్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధించి ఇంకో డాక్టరేటు పొందాడు. గాలి తీసేసిన పాత్రలను ఎలా తయారుచేయాలి, ఆ శూన్యాన్ని ఎలా కొలవాలి అన్న విషయం మీద 'హై వాక్యువా' అనే పుస్తకం రాశాడు. వి.ఎస్. కృష్ణ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న కాలంలో, 1954లో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 1956కల్లా న్యూక్లియర్ ఫిజిక్స్‌కు ప్రత్యేకంగా ఒక శాఖే ఏర్పడింది. 1969లో కన్నుమూశాడు. ఆ శాఖ ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

కాషాయం కట్టినవాడు వాక్యూమ్ పంపు విప్పి చేతులకు నూనె పూసుకుని పనిచేసిన చోటు అది. అక్కడ మాకు నేర్పిన మొదటి విషయం, పరికరాన్ని నమ్మే ముందు దాన్ని విప్పి చూడమని. కౌంటర్ ఒక సంఖ్య చూపిస్తే ఆ సంఖ్యలో నేపథ్య వికిరణం ఎంత, పరికరం ఆలస్యం వల్ల పోయింది ఎంత, మిగిలింది ఎంత అని తేల్చకుండా నోట్‌బుక్కులో రాయనిచ్చేవాళ్లు కాదు. రీడింగు కొట్టేస్తే ఒకే గీతతో కొట్టేయాలి, కింద ఉన్న అంకె కనబడాలి. రబ్బరుతో చెరపడం నిషేధం. కొలతను దాచిపెట్టడం అబద్ధమాడటంతో సమానమని మా సార్లు నమ్మారు, మాకూ నమ్మించారు. ఇప్పుడు ప్రాక్టికల్ రికార్డులు చూస్తే ఒకే రీడింగులు అరవై మంది రికార్డుల్లో ఉంటాయి. పోయినేటి సీనియర్ రికార్డులోనూ అవే. దిద్దేవాళ్లకు ఆ సంగతి తెలుసు, సంతకం పెడతారు. మార్కులు నిండుగా పడతాయి.

నేను సారునయ్యాక మా తరగతిలో సోడియం దీపం వెలిగించి, డిఫ్రాక్షన్ గ్రేటింగ్‌తో పసుపు గీతలు కొలవడం తప్పనిసరి. దీపం వేడెక్కేదాకా ఆగాలి, స్పెక్ట్రోమీటర్ బల్ల మట్టం సరిచూడాలి, వెర్నియర్ రెండు వైపులా చదవాలి. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం అయ్యేది. చివరికి 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర రెండు గీతలు విడివిడిగా కనబడితే పిల్లల మొహాలు వెలిగిపోయేవి. అప్పుడు చెప్పేవాణ్ణి గుంటూరు కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరులో మకాం వేసి, సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని చూశాడు. మద్రాసు వేధశాల నుంచి వచ్చిన పోగ్సన్ మచిలీపట్నంలో చూశాడు. ఆ గ్రహణంలో కనబడ్డ పసుపు గీత సోడియందని మొదట అనుకున్నారు. దాని చోటు కొద్దిగా తేడా, 5876 దగ్గర. అది భూమి మీద ఎవరూ చూడని కొత్త మూలకానిదని ఇంగ్లండ్ శాస్త్రవేత్త లాకియర్ తేల్చాడు, దానికి హీలియం అని పేరొచ్చింది. భూమి మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే చేతికి.

సోడియం గీతలు స్వయంగా కొలిచినవాడికి ఆ పద్నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల తేడా అంటే ఏమిటో తెలుస్తుంది. అంత చిన్న తేడాను పట్టుకోవడం వల్ల సూర్యుడి బూడిద ఏమిటో లోకానికి తెలిసిందని అర్థమవుతుంది. హీలియం సూర్యుడి కడుపులో హైడ్రోజన్ కలిసిపోగా మిగిలేదే. దీపం వెలిగించని పిల్లకు ఇదంతా జీకే ప్రశ్న. "హీలియంను మొదట ఎక్కడ కనుగొన్నారు? ఎ, బి, సి, డి." అంతటితో అయిపోతుంది.

ఇక నా పరిశోధన సంగతి. సూర్యుడి కేంద్రంలో వేడి కోటిన్నర డిగ్రీలు. అది చాలా ఎక్కువ అనిపిస్తుంది గానీ రెండు ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసేసుకునే బలాన్ని దాటడానికి అస్సలు చాలదు. గుట్ట ఎక్కే శక్తి లేనివాడు గుట్టలోంచి అవతలికి తేలినట్టు, అణుప్రపంచంలో మాత్రమే జరిగే టన్నెలింగ్ వల్ల ఎప్పుడో ఒక జంట కలుస్తుంది. గామోవ్ అనే శాస్త్రవేత్త 1928లో చూపిన సూత్రం ఇది. సూర్యుడి నడిబొడ్డున ఒక ప్రోటాన్ ఇలా కలవడానికి సగటున వెయ్యి కోట్ల ఏళ్లు ఆగాలి. అయినా అక్కడ ప్రోటాన్లు లెక్కలేనన్ని ఉన్నాయి కనుక సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియం అవుతుంది, అందులో 40 లక్షల టన్నులకు పైగా శక్తిగా మారి వెలుతురై వస్తుంది. అది అంత నిదానంగా జరగబట్టే భూమి మీద బతుకులు పుట్టే వ్యవధి దొరికింది. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోయేది. నేనూ తొందరపడి తర్వాతి చాప్టరులోకి పోయేవాణ్ణి కాదు.

రోహిణి నక్షత్రం నడుమ ఆ హైడ్రోజన్ అయిపోయింది, అందుకే అది ఉబ్బి ఎర్రబడింది. ఆరుద్ర ఇంకా భారీ నక్షత్రం. ఒకనాడు సూపర్‌నోవాగా పేలిపోతుంది. 2019 చివర్లో అది ఉన్నట్టుండి మసకబారితే ప్రపంచమంతా దుర్బిణీలు అటు తిప్పింది. ఇలాంటి నక్షత్రాల్లో హీలియం ఎలా కార్బన్ అవుతుందన్నది చాలా కాలం చిక్కు. రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే వచ్చే బెరీలియం-8 సెకనులో లక్షల కోట్లవ వంతు కూడా నిలవదు. అది చెదిరేలోగా మూడో హీలియం వచ్చి తగలాలి. అది జరగాలంటే కార్బన్ కేంద్రకానికి ఒక ప్రత్యేక శక్తి స్థాయి ఉండి తీరాలని హోయిల్ అనే ఖగోళశాస్త్రవేత్త పట్టుబట్టాడు. 1953లో అమెరికాలోని కాల్‌టెక్‌లో వెతికితే 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అది దొరికింది. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ నలుగురూ కలిసి నూరు పేజీలకు పైగా ఉన్న వ్యాసంలో మూలకాలు నక్షత్రాల్లో ఎలా వండబడతాయో వివరించారు. మా కాలంలో ఈ రంగంలోకి వచ్చినవాళ్లందరికీ అదే మొదటి పాఠ్యపుస్తకం.

కార్బన్ కేంద్రకం ఇంకో హీలియంను కలుపుకుంటే ఆక్సిజన్ అవుతుంది. ఈ చర్య ఎంత వేగంగా జరుగుతుందన్నదే నేను ఏళ్లకేళ్లు లెక్కగట్టిన విషయం. మన ఒంట్లో బరువు లెక్కన 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్. విశ్వంలో ఈ రెంటి పాళ్లను తేల్చే చర్య ఇదే. నక్షత్రంలో ఇది జరిగే శక్తి 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ ఉంటుంది. ల్యాబులో నేరుగా కొలవగలిగింది దాదాపు దానికి మూడింతల శక్తి దగ్గరే. అంతకంటే కిందికి పోతే చర్య ఎంత అరుదవుతుందంటే యంత్రానికి చిక్కదు. పై శక్తుల దగ్గరి కొలతలు పట్టుకుని కిందికి అంచనా కట్టుకుంటూ రావాలి. ఇప్పటికీ ఈ చర్య రేటు ప్రపంచంలో ఎవరికీ కచ్చితంగా తేలలేదు. ఒక జీవితకాలం పనిచేసి అంచనాలోని అనిశ్చితిని కొద్దిగా తగ్గించడమే ఈ రంగంలో గౌరవం.

ఆ పని ఎలా చేశామో ఇప్పటి పిల్లలకు తెలియాలి. లాగ్ టేబుళ్లతో మొదలుపెట్టాం. ఫౌలర్ బృందం 1967లో, 1975లో ప్రచురించిన చర్యా రేట్ల పట్టికలను చేత్తో నకలు రాసుకున్నాం. పంచ్ కార్డులు కట్టగట్టుకుని హైదరాబాదు బస్సెక్కి కంప్యూటర్ సెంటర్లో ఇచ్చి, ఫలితం వచ్చేదాకా రోజుల తరబడి కాచుకున్నాం. విదేశీ పత్రికలు ఓడల్లో వచ్చేవి కనుక నెలలు పట్టేది. కావలసిన వ్యాసం లైబ్రరీలో లేకపోతే దాన్ని రాసిన శాస్త్రవేత్తకే పోస్టుకార్డు రాసేవాళ్లం. ఏ దేశం మనిషైనా, మన మొహం ఎరగకపోయినా, రీప్రింటు కవర్లో పెట్టి పంపేవాడు. అంత కష్టపడి తెప్పించుకున్న కాగితాన్ని మూడుసార్లు చదివేవాళ్లం. ప్రతి సమీకరణాన్నీ పక్కన చేసి చూసుకునేవాళ్లం.

ఇప్పుడు ఆ పట్టికలన్నీ ఉచితంగా ఫోనులో దొరుకుతాయి. వ్యాసం అచ్చుకాకముందే ఇంటర్నెట్టులో చదవొచ్చు. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ శాస్త్రం కోసమే ఫ్రెనా అనే యాక్సిలరేటర్ ఉంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న అలజడి 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి భూమికి చేరింది. మన ఆడవాళ్ల పుస్తెల్లో ఉండే బంగారం లాంటి బరువైన మూలకాలు అలాంటి చోట పుడతాయని ఆ వెలుగును చూసి ప్రపంచం తెలుసుకుంది. మేము కలలో కూడా అనుకోని సౌకర్యాలు ఇవి. అప్పట్లో అంతా బంగారమని నేననడం లేదు. మా ఎమ్మెస్సీ క్లాసులో ఆడపిల్లలు ఒకరిద్దరే. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇప్పుడు గురుకులాల్లో చదివి వచ్చిన ఆడపిల్లలు డిగ్రీ క్లాసుల ముందు బెంచీల్లో కూర్చుంటున్నారు. ఇంత గొప్ప మార్పు వచ్చాక, ఆ పిల్లలు తలుపు దాకా వచ్చాక, లోపల చెప్పే మనిషి లేకుండా చేయడమే నాకు మింగుడుపడని విషయం.

మా రోజుల్లో లెక్చరర్ పోస్టు వచ్చిందంటే రిటైరయ్యేదాకా అదే పని. అందుకే పదేళ్ల తర్వాత ఫలించే పని మొదలుపెట్టే ధైర్యం ఉండేది. ఒక పిల్లవాణ్ణి బీఎస్సీలో పట్టుకుని పీహెచ్‌డీ దాకా నడిపించేవాళ్లం. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో రిటైరైనవాళ్ల చోటు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటుంది. కాంట్రాక్టు, పార్ట్ టైం, గెస్ట్ అని రకరకాల పేర్లు పెట్టి పిల్లలకు చెప్పే మనిషిని ఏ ఏటికాయేడు తీసుకుంటారు. వచ్చే జూన్‌లో తను ఉంటాడో లేడో తెలియనివాడు పదేళ్ల పరిశోధన ఎలా మొదలుపెడతాడు? నా దగ్గర చదివి, చక్కని థీసిస్ రాసిన పిల్లలు నలభై ఏళ్లు దాటాక కూడా గంటల లెక్కన పాఠాలు చెబుతూ, వేసవిలో జీతం లేక ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల తెలివిలో లోటు లేదు, శ్రద్ధలో లోటు లేదు. వాళ్లను అలా ఉంచడం సిగ్గుచేటు.

పరిశోధనకు ఇప్పుడు కొలమానం కాగితాల లెక్క. ఏడాదికి ఎన్ని పేపర్లు, ఏ జాబితాలో ఉన్న పత్రికలో వచ్చాయి, ఎన్ని పాయింట్లు అని అడుగుతారు. ఏం కనుక్కున్నావని అడగరు. డబ్బు కట్టించుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. నిదానంగా కొలిచి, మళ్లీ కొలిచి, తప్పు తేలితే పక్కన పెట్టే అలవాటు ఈ లెక్కలో బతకదు. కార్బన్ నుంచి ఆక్సిజన్ పుట్టే రేటు ఏడాదికి నాలుగు పేపర్లు రాస్తే తేలదు. రెండు తరాల మనుషులు ఓపికగా కూర్చుంటే కొద్దిగా కదులుతుంది.

ఇంటర్ దగ్గరే అసలు నష్టం మొదలవుతుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టి, వారం వారం టెస్టు పెట్టి, ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడదీసే కాలేజీల్లో పిల్లలు సూత్రాలు నేర్చుకుంటున్నారు. ఒక లెక్కను నిమిషంలో తేల్చే చిట్కాలు నేర్చుకుంటున్నారు. ఆ చిట్కా ఎందుకు పనిచేస్తుందో అడిగితే టైం వేస్టు అని చెప్పేవాళ్లున్నారు. ప్రాక్టికల్ పరీక్షకు ముందు రెండు రోజులు మాత్రమే ల్యాబు తెరిచే కాలేజీలున్నాయి. వెర్నియర్ కాలిపర్స్ చేత్తో పట్టుకోకుండా జేఈఈ ర్యాంకు తెచ్చుకున్న పిల్లలను నేను చూశాను. ఆ ర్యాంకును నేను తక్కువ చేయను. కానీ భౌతికశాస్త్రం చేతుల్లోంచి మెదడులోకి పోతుంది. ఆ దారి మూసేసి సూత్రాలు ఎన్ని నింపినా నిలవవు.

1980 ఫిబ్రవరి 16 నాకు బాగా గుర్తు. సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలంగాణ మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాల ఆ నీడ దారిలోనే ఉంది. దేశదేశాల శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చారు. మేము పిల్లలను తీసుకుని బస్సులో పోయి, ఆ చుట్టుపక్కల ఒక చేను గట్టు మీద నిలబడ్డాం. దారిలో ఊళ్లన్నీ తలుపులు వేసుకుని ఉన్నాయి. నాలుగు గంటలు కాకముందే పట్టపగలు చీకటైంది. సూర్యుడి చుట్టూ కరోనా తెల్లగా విచ్చుకుంది. రెండు నిమిషాలు. పిల్లలు ఏడ్చారు. నిజాం కాలంలో మొదలైన నిజామియా వేధశాల ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టిక వేసిందని, ఆ పనికి వారసులే రంగాపూర్ వాళ్లని అక్కడే నిలబడి చెప్పాం. ఆ రోజు వచ్చినవాళ్లలో కొందరు తర్వాత ఫిజిక్స్ లెక్చరర్లయ్యారు. ఇప్పుడు గ్రహణమంటే టీవీల్లో పొద్దంతా రాశుల వారీగా ఫలితాలు చెబుతారు. చంద్రయాన్ దిగిన రోజు కాలేజీల్లో పెద్ద తెరలు పెట్టి చప్పట్లు కొట్టించారు. సంతోషమే. మర్నాడు అదే కాలేజీలో టెలిస్కోపు బీరువాలోంచి బయటికి తీసి ఒక్క రాత్రి పిల్లలకు చందమామను చూపించారా అంటే జవాబుండదు.

మా పాలంపేటకే వద్దాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిని 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటి నుంచి బస్సుల్లో కాలేజీ పిల్లలు గుంపులుగా వస్తున్నారు. శిఖరం మీది ఇటుకలు నీళ్లలో తేలతాయని గైడు చెబుతాడు, అందరూ ఫోన్లలో తీసుకుంటారు. వెంట వచ్చిన సైన్సు సారు అక్కడ ఒక్క మాట చెప్పవచ్చు కదా. తేలడమంటే ఆ ఇటుక సాంద్రత నీటి సాంద్రత కంటే తక్కువని, ఒక ముక్క బరువూ పరిమాణమూ కొలిస్తే ఆ సంఖ్య వస్తుందని. అది తొమ్మిదో తరగతి పాఠమే. మా రోజుల్లో పిల్లలను గుడికి తెచ్చినప్పుడు ఎర్ర ఇసుకరాయి గోడ ముందు, నల్లరాతి మదనికల ముందు నిలబెట్టి అడిగేవాళ్లం, ఈ ఎరుపు ఎక్కడిదని. ఇసుకరాయిలో ఎరుపు ఇనుము తుప్పుది. మన ఎర్రచెల్క నేలలో ఎరుపూ ఇనుముదే. నల్లరాయి నలుపులోనూ, మన నెత్తురు ఎరుపులోనూ ఇనుమే. ఆ ఇనుము భూమి పుట్టకముందే పేలిపోయిన నక్షత్రాల్లో తయారైంది. కేంద్రకాల బంధన శక్తి ఇనుము దగ్గర శిఖరానికి చేరుతుంది కనుక, నక్షత్రం అంతకు మించి కలిపి శక్తి రాబట్టలేక కూలిపోతుంది. ఈ ఒక్క సంగతి గుడి ముందు నిలబడి విన్న పిల్ల బంధన శక్తి గ్రాఫును జీవితంలో మరచిపోదు.

మా కాలమంతా తిరిగి రావాలని నేను కోరడం లేదు. పంచ్ కార్డులు రావద్దు, ఓడల్లో వచ్చే పత్రికలూ రావద్దు. మా సార్ల దగ్గర ఉండి ఇప్పుడు లేకుండా పోయినవి మాత్రం రావాలి. పిల్ల అడిగిన ప్రశ్నకు పీరియడ్ అయిపోయినా నిలబడి జవాబు చెప్పే మనిషి, అతనికి రేపటి మీద భరోసా ఇచ్చే ఉద్యోగం, తాళం లేని ల్యాబు. ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. ఖాళీగా ఉన్న ఫిజిక్స్ పోస్టుల్లో రెగ్యులర్ మనుషులను వేయండి, ఆ తర్వాతే స్మార్ట్ బోర్డుల సంగతి చూడండి. తోటి అధ్యాపకులకు నా మాట, సిలబస్‌లో లేకపోయినా ఏడాదికి ఒక్క రాత్రి పిల్లలను ఊరి బయట చీకట్లో నిలబెట్టి రోహిణినీ ఆరుద్రనూ చూపించండి.

తల్లిదండ్రులకు ఇంకో మాట. జూన్‌లో మీ పిల్లను ఏదో ఒక కాలేజీలో చేర్చడానికి పోతారు. ఫీజు కట్టే ముందు ఫిజిక్స్ ల్యాబు తెరిచి చూపించమని అడగండి. సోడియం దీపం వెలిగించి చూపించమనండి. ఫిజిక్స్ చెప్పే సారో మేడమో ఎవరు, ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో కనుక్కోండి. ఈ మూడింటికీ సరైన జవాబు రాకపోతే, గోడ మీద ఎన్ని ర్యాంకుల ఫొటోలున్నా ఆ కాలేజీలో చేర్చకండి.